యాప్రాల్ నుంచి ఆరోగ్య మంత్రి గారికి: డిమెన్షియా నివారణ బస్తీ దవాఖానాలో మొదలుపెట్టండి

గౌరవనీయులైన తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,



సికింద్రాబాద్‌కు ఉత్తరాన, కంటోన్మెంటును ఆనుకుని ఉన్న యాప్రాల్‌లో రెండు రకాల వృద్ధాప్యాలు పక్కపక్కనే గడుస్తున్నాయి. ఒకవైపు సైన్యంలో, వైమానిక దళంలో పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లు, వాటి మధ్యన లేచిన అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. చుట్టుపక్కల సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ అన్న పేర్లే ఆ చరిత్ర చెబుతాయి. ఇంకోవైపు ఆ ఇళ్లలో వంట చేసేవాళ్లు, గేటు దగ్గర కాపలా ఉండేవాళ్లు, జవహర్‌నగర్ వైపు పరుచుకున్న బస్తీల్లో కూలికి పోయి పోయి ముసలివాళ్లైనవాళ్లు ఉన్నారు. మొదటివాళ్లకు 2003 నుంచి మాజీ సైనికుల వైద్య పథకం అండగా ఉంది. రెండోవాళ్లకు ఉన్నది మీ శాఖే. ఈ ఇద్దరికీ ఇప్పుడు ఒక భయం ఉమ్మడిగా పట్టుకుంది. కాళ్లూ చేతులూ బాగానే ఉండి, మతి మాత్రం పోతే ఎలా అన్న భయం అది. భయం ఉన్నచోట సరుకు అమ్ముడవుతుంది. పొద్దున నడకకు వెళ్లేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నానబెట్టిన బాదం, అక్రూట్లు, రోజుకు రెండు చెంచాల కొబ్బరినూనె, బ్రాహ్మి గోలీలు, చేపనూనె క్యాప్సూళ్లు చక్కర్లు కొడుతుంటాయి. డబ్బున్నవాళ్లు కొంటారు, లేనివాళ్లు మన రాత ఇంతే అనుకుంటారు. డిమెన్షియాను అడ్డుకోవడం ఎవరి వంటింట్లో వాళ్లు చూసుకోవాల్సిన వ్యవహారమని ఇద్దరూ నమ్ముతున్నారు. ఆ నమ్మకం చాలావరకు తప్పని, ఇప్పటికి దొరికిన రుజువుల్లో బలమైనవన్నీ మీ శాఖ చేతిలో ఉన్న పనులనే చూపిస్తున్నాయని చెప్పడానికే ఈ లేఖ.

సమస్య ఎంత పెద్దదో ముందు చూద్దాం. దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. అరవై ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని వాటి అంచనా. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో, పట్టణాల్లో కన్నా పల్లెల్లో, చదువుకున్నవాళ్లలో కన్నా చదువులేనివాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఇది సైనిక్‌పురి బంగళాల్లో తీరిగ్గా ఉన్నవాళ్లకు వచ్చే జబ్బు అన్న మాట నిలవదు. బంగళాలో ఉన్నాయనకు జబ్బు పేరు తెలుస్తుంది, స్కాన్ అవుతుంది, ఫైలు ఒకటి తయారవుతుంది. బస్తీలో ఉన్న అవ్వకు చాదస్తం ఎక్కువైందని సరిపెట్టుకుంటారు. రెండోది లెక్కలోకి రాదు కనుక అక్కడ జబ్బు లేదనిపిస్తుంది. ఇక నివారణ సంగతి. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లో తొమ్మిది కారణాలను, 2020లో పన్నెండింటిని, 2024లో పద్నాలుగింటిని లెక్కకు తెచ్చింది. వీటన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో 45 శాతం దాకా రాకుండా ఆపడమో వాయిదా వేయడమో వీలవుతుందని చెప్పింది. ఆ పద్నాలుగూ ఏమిటంటే చిన్నప్పుడు చదువు అందకపోవడం, వినికిడి తగ్గడం, చెడ్డ కొలెస్టరాల్, బీపీ, షుగరు, ఊబకాయం, పొగాకు, మితిమీరిన మద్యం, తలకు దెబ్బ, కుంగుబాటు, ఒంటరితనం, ఒళ్లు కదల్చకపోవడం, గాలి కాలుష్యం, చూపు మందగించినా పట్టించుకోకపోవడం. ఇందులో బాదంపప్పు లేదు. అసలు తిండి అన్న పద్దే విడిగా లేదు. ఉన్నదంతా తిండి ఒంట్లో చేసే పనుల రూపంలో, బీపీగా, షుగరుగా, కొలెస్టరాల్‌గా, బరువుగా ఉంది.

వీటిలో దేనితో మొదలుపెట్టాలి అంటే నా జవాబు బీపీ. మెదడు లోతుల్లోకి వెళ్లే రక్తనాళాలు చాలా సన్నవి, చిటారు కొమ్మల్లా ఎక్కడికక్కడ ముగిసిపోయేవి. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడితో రక్తం కొడుతుంటే వాటి గోడలు మందమెక్కి గట్టిపడతాయి, దారి ఇరుకవుతుంది. ఒక్కొక్కటీ మూసుకుపోయినప్పుడు చెయ్యి పడిపోదు, మూతి వంకర పోదు, ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. కొన్నాళ్లకు చిల్లర లెక్కపెట్టడం ఆలస్యమవుతుంది, రోజూ వండే కూరలో ఏది ముందు వేయాలో తడబాటు వస్తుంది. అప్పటికి నష్టం మొదలై ఏళ్లు గడిచి ఉంటాయి. నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌కు వచ్చిన రోగులను పరిశీలించినప్పుడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకం, అల్జీమర్స్ రకం తర్వాత పెద్ద వాటాగా తేలింది. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో కూడా ఈ నాళాల దెబ్బ తోడైతే జబ్బు తొందరగా బయటపడుతుంది. ఇది ఊహ కాదా అని అడిగేవారికి చైనా పల్లెల నుంచి జవాబు ఉంది. అక్కడ 326 గ్రామాల్లో, బీపీ ఉన్న దాదాపు 34 వేల మందితో ఒక ప్రయోగం చేశారు. పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన గ్రామ వైద్యులే చౌక మందులు ఇచ్చి, ఇంట్లో బీపీ చూసుకునే మిషన్లు ఇచ్చి, వెంటపడి అదుపులోకి తెచ్చారు. మామూలు వైద్యం అందిన గ్రామాలతో పోలిస్తే నాలుగేళ్లలో డిమెన్షియా 15 శాతం తగ్గింది. 2025లో అచ్చయిన ఇలాంటి ఫలితం ఇంతవరకు ఏ గింజకూ ఏ బ్రాహ్మి గోలీకీ దక్కలేదు. అంతకుముందు 2019లో ఫలితాలు వచ్చిన అమెరికా స్ప్రింట్-మైండ్ పరిశోధనలో బీపీ 120 కన్నా దిగువకు దించేలా వైద్యం అందుకున్నవాళ్లలో, డిమెన్షియాకు ముందు దశ అయిన స్వల్ప మతి లోపం 19 శాతం తక్కువగా కనిపించింది. డిమెన్షియా విషయంలో మాత్రం తేడా గట్టిగా తేలలేదు. ఆ అధ్యయనం అనుకున్నకన్నా ముందే ముగిసింది కూడా. ఈ రెండూ కలిపి చదివితే చైనా ఫలితం గాలివాటం కాదని తెలుస్తుంది.

మంత్రిగారూ, దీనికోసం మీరు కొత్త పథకం ప్రకటించాల్సిన పని కూడా లేదు. 2017లో దేశంలో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు ఎంపిక చేసిన మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఏ మందు ముందు ఇవ్వాలి, ఎంత మోతాదు, ఎప్పుడు పెంచాలి అన్నది ఒక్క కాగితం మీద రాసిపెట్టిన పద్ధతి అది. అందులోని మందులు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి చౌక గోలీలే. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగరు చూసే పని ఏఎన్ఎంలు, ఆశాలు చేస్తూనే ఉన్నారు. లోపం ఎక్కడుందంటే చూడటానికీ అదుపు చేయడానికీ మధ్యన ఉంది. దవాఖానాలో ఒక మామూలు రోజును దగ్గరగా చూడండి. ఎండలో నడిచొచ్చిన మనిషి వరుసలో నిలబడి ఉంటుంది. కుర్చీలో కూర్చోగానే, ఇంకా ఆయాసం తగ్గకముందే, జాకెట్టు చేతి మీదనే పట్టీ చుట్టేస్తారు. చెయ్యి గాల్లో వేలాడుతుంటుంది, నర్సు ఒకపక్క ఏదో అడుగుతుంటుంది. వచ్చిన అంకె రిజిస్టర్‌లోకి పోతుంది. సరైన పద్ధతి వేరు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు, నిమిషం ఆగి రెండోసారి చూడాలి. ఈ తేడాతోనే అంకె పది, పదిహేను అటూఇటూ అవుతుంది. సరే, బీపీ ఉందని తేలింది, నెలకు సరిపడా గోలీలు ఇచ్చారు. ఆ నెల అయిపోయిన రోజు ఆదివారమో, పండుగో, లేదా కూలి పోగొట్టుకుని రాలేని రోజో అవుతుంది. మధ్యలో పది రోజులు గోలీ ఉండదు. తలనొప్పి రాదు కనుక నయమైపోయిందనుకుంటారు. మళ్లీ కనిపించేది పక్షవాతంతోనే. రిజిస్టర్‌లో మాత్రం ఆమె "నమోదైన రోగి", ఆ నెల లక్ష్యంలో ఒక అంకె. మెదడును కాపాడేది నమోదు కాదు, ముప్పై ఏళ్ల పాటు తెగకుండా సాగిన గోలీ.

ఇప్పుడు తిండి సంగతి. నేను తిండిని తీసిపారేస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. తిండిని మెదడు మందుగా అమ్మడాన్ని మాత్రమే తీసిపారేస్తున్నాను. ఆకుకూరలు, బెర్రీలు, గింజలు, ఆలివ్ నూనెతో కూడిన "మైండ్" ఆహారం గురించి పత్రికలు పదేళ్లుగా రాస్తున్నాయి. దాన్ని 604 మంది మీద మూడేళ్లు పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించారు. మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవాళ్లకూ, ఈ ప్రత్యేక ఆహారం తిన్నవాళ్లకూ మతిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జింకో ఆకు సారాన్ని మూడు వేల మందికి పైగా ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తే 2008లో తేలింది కూడా సున్నానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో డిమెన్షియా రాకుండా బి విటమిన్లు, ఈ విటమిన్, చేపనూనె కొవ్వులు, కలగలుపు గోలీలు వాడమని సిఫారసు చేయవద్దని స్పష్టంగా చెప్పింది. మరి తిండి ఎక్కడ పనిచేస్తుందంటే ఉప్పు దగ్గర. చైనాలోనే 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందితో ఇంకో ప్రయోగం జరిగింది. మామూలు ఉప్పుకు బదులు, సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతం 14 శాతం తగ్గింది. పక్షవాతం తగ్గడమంటే దాని వెనక వచ్చే డిమెన్షియా తగ్గడమే. మన దగ్గర రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా, చాలన్నది సలహా. సర్వేల్లో తేలిన సగటు ఎనిమిది గ్రాముల దాకా ఉంది. పప్పులో వేసింది, కూరలో వేసింది కాక, పక్కన ఆవకాయ, మజ్జిగలో ఇంకో చిటికెడు, వేయించిన అప్పడం. ఆవకాయ మానమని ఏ తెలుగువాడికీ చెప్పలేం, చెప్పినా వినడు. ఉప్పు రకాన్ని మార్చడం అంతకన్నా తేలిక. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు పొటాషియం ఉప్పు వాడకూడదు కనుక ఇది డాక్టరు చూపుతో, ఒక ప్రాంతంలో మొదలుపెట్టి చూడాల్సిన పని.

ఇంకో సంగతి మీ శాఖ పరిధి దాటి పౌరసరఫరాల శాఖలోకి పోతుంది, అయినా చెప్పక తప్పదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను సవరించింది. దాని లెక్కలో రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషి పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్డూ మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. 2025 ఉగాది నుంచి మన ప్రభుత్వం రేషన్‌లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తోంది. రోజుకు 200 గ్రాములన్నమాట. ధాన్యం వాటా చాలావరకు అక్కడే తీరిపోయింది. తీరనిది పప్పు, కూర. సన్నబియ్యాన్ని తప్పుపట్టడం లేదు. దొడ్డుబియ్యం తినలేక అమ్ముకున్న ఇళ్లెన్నో అందరికీ తెలుసు. కానీ తెల్లగా పాలిష్ పట్టిన అన్నం పళ్లెం నిండా, పప్పు గరిటెడు అన్న తీరు షుగరుకు దారి తీస్తుంది, షుగరు మెదడు నాళాలకు దారి తీస్తుంది. యాప్రాల్ ఇళ్లలో బాదం నానబెట్టేవాళ్ల పళ్లెం కూడా ఈ విషయంలో పెద్ద తేడాగా లేదు, బియ్యం బ్రాండే వేరు. కార్డుకు నెలకు కిలో కందిపప్పు చేర్చగలిగితే దాని వల్ల కలిగే మేలు ఏ అవగాహన సదస్సు వల్లా కలగదు. ఈ మాట మంత్రివర్గంలో అనాల్సింది ఆరోగ్య మంత్రే.

తిండి దగ్గరే ఇంకొకటి ఉంది, డాక్టర్లు కూడా తరచు దాటవేసేది. బి12 లోపిస్తే మతిమరుపు, అడుగు తడబడటం, చిరాకు వస్తాయి, చూడటానికి డిమెన్షియాలానే ఉంటుంది. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లలో ఇది ఎక్కువ. షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లలోనూ బి12 తగ్గుతుంది. ఈ రెండూ కలిసిన రిటైర్డు ఉద్యోగులు మా ప్రాంతంలో ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు. ముందుగా పట్టుకుంటే ఇంజెక్షన్‌తోనో గోలీతోనో సరిదిద్దవచ్చు. థైరాయిడ్ తగ్గడం కూడా ఇలాంటిదే. ఇక్కడ విటమిన్ ఇవ్వడం మందు, ఎందుకంటే లోపం ఉంది. లోపం లేనివాళ్లకు అదే విటమిన్ అమ్మితే వ్యాపారం. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా, మెట్‌ఫార్మిన్ ఐదేళ్లు దాటి వాడుతున్న ప్రతి ఒక్కరికీ బి12 పరీక్ష తప్పనిసరి చేస్తే చాలు.

అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, 45 శాతం అన్న అంకె లెక్క కట్టి తీసింది, చూసింది కాదని. నిజమే. ఒక కారణాన్ని పూర్తిగా తుడిచేస్తే ఎంత తగ్గుతుందన్న ఊహ మీద అది నిలబడి ఉంది, కారణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. షుగరు ఉన్నవాళ్లలో బీపీ, బీపీ ఉన్నవాళ్లలో బరువు అన్నట్టు. అందుకే ఆ అంకె మీద నా వాదనను ఆనించడం లేదు. అంకెను సగానికి కోసేసినా ఫర్వాలేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో మూడు తరాలుగా ఒకే ఊరి జనాన్ని గమనిస్తున్నారు. 1970ల చివరి నుంచి దశాబ్దానికి సగటున 20 శాతం చొప్పున అక్కడ కొత్తగా వచ్చే డిమెన్షియా తగ్గుతూ వచ్చిందని 2016లో ప్రకటించారు. ఆ కాలంలో అల్జీమర్స్‌ను ఆపే మందేదీ లేదు. జన్యువులు ముప్పై ఏళ్లలో మారవు. మారినవి బీపీ వైద్యం, గుండె జబ్బుల అదుపు, చదువు. పైగా ఆ తగ్గుదల హైస్కూలు దాటినవాళ్లలోనే కనిపించింది. మేలు దానంతటది అందరికీ అందదని, చేరవేయకపోతే బలహీనుల దాకా రాదని అర్థమయ్యేది ఇక్కడే.

రెండోది, వంశంలో ఉంటే ఏం చేసినా వస్తుంది కదా అన్నది. కొన్ని జన్యువులు ప్రమాదాన్ని పెంచుతాయన్నది వాస్తవం. కానీ ప్రమాదం పెరగడం వేరు, ఏ వయసులో బయటపడుతుందన్నది వేరు. ఈ విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పింది మన హైదరాబాదే. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు 391 మంది. ఒకే భాష వచ్చినవాళ్ల కన్నా వీళ్లకు జబ్బు లక్షణాలు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి మొహం చూడనివాళ్లలోనూ ఈ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ నోటి మీద సహజంగా ఆడే ఊరు కాబట్టే ఈ సంగతి ఇక్కడ తేలింది. తర్వాత ఇతర దేశాల్లో ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనాలు దీన్ని అన్నిచోట్లా బలపరచలేదు కనుక, ఇంకో భాష నేర్చుకుంటే డిమెన్షియా రాదని బోర్డు పెట్టుకోవడం తప్పు. (మా చుట్టుపక్కల పంజాబీ, మలయాళం, తమిళం, నేపాలీ కూడా వినిపిస్తాయి, ఆ లెక్కన యాప్రాల్‌కు మతిమరుపే రాకూడదు.) అధ్యయనం నిజంగా చెప్పేది ఏమిటంటే మెదడులో మార్పులు మొదలైనా మనిషి బతుకులో అవి బయటపడే తేదీని వెనక్కి నెట్టవచ్చు. ఎనభై రెండేళ్లకు రావాల్సింది ఎనభై ఏడుకు వస్తే చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. నివారణ అన్నప్పుడు ఆశించాల్సింది ఇదే, అంతకు మించి ఎవరైనా మాట ఇస్తే నమ్మకూడదు.

చెవుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. లాన్సెట్ లెక్కలో వినికిడి తగ్గడం అన్నింటికన్నా పెద్ద వాటాల్లో ఒకటి, ఏడు శాతం. వినపడని మనిషి మెల్లగా మాటల్లోంచి తప్పుకుంటాడు. ఫోన్ ఎత్తడు, పెళ్లిళ్లకు పోడు, టీవీ ముందు ఒక్కడే కూర్చుంటాడు. మెదడుకు అందే పని తగ్గిపోతుంది. చెవి మిషను పెడితే మతి నిలుస్తుందా అని అమెరికాలో 977 మంది మీద పరీక్షించారు. 2023లో వచ్చిన ఫలితంలో అందరినీ కలిపి చూస్తే తేడా లేదు. గుండె జబ్బుల ముప్పు ఎక్కువగా ఉండి, మతి త్వరగా తగ్గే అవకాశం ఉన్న పెద్దల గుంపులో మాత్రం మూడేళ్లలో తరుగుదల 48 శాతం నెమ్మదించింది. బీపీ, షుగరు ఉన్న మన పెద్దలు పోలేది ఈ రెండో గుంపునే. కానీ మిషను ఇవ్వడంతో పని అయిపోదు. గరిటె పడితే ఉరిమినట్టు వినిపిస్తుంది, చెవిలో కీచుమంటుంది, బ్యాటరీ మార్చడం రాదు. వారానికల్లా అది డబ్బాలో, డబ్బా బీరువాలో ఉంటుంది. రెండు మూడుసార్లు కూర్చోబెట్టి సర్దేవాళ్లు దగ్గర్లో ఉండాలి. ఇప్పుడైతే ప్రభుత్వ చెవి ఆసుపత్రి అంటే యాప్రాల్ నుంచి కోఠీ దాకా పోవాలి. వినపడని ముసలాయన రెండు బస్సులు మారి, వరుసలో తన పేరు పిలిచింది వినిపించుకోవాలి. ఇదే రాష్ట్రం 2018లో కంటి వెలుగు పెట్టి కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించింది, ఇంటి దగ్గరే అద్దాలు ఇచ్చింది. చూపు లోపం డిమెన్షియాకు కారణాల్లో ఒకటని లాన్సెట్ సంఘం చేర్చింది 2024లో. తెలియకుండానే తెలంగాణ ఆరేళ్లు ముందుంది. అది మీకు ముందున్న ప్రభుత్వం పథకం కావచ్చు, చెవులకు ఆ సంగతి పట్టదు. కంటికి చేసినట్టే చెవికీ చేయండి.

డబ్బు లేదన్న మాట వస్తుంది. అల్జీమర్స్‌కు అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అన్న ఇంజెక్షన్ ధర అప్పట్లో అక్కడ ఏడాదికి 26,500 డాలర్లు. జబ్బును ఆపదు, తొలిదశలో కొంత నెమ్మదింపజేస్తుంది, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు ఉంది కనుక మాటిమాటికీ ఎంఆర్ఐ తీయాలి. రేపు దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చమని ఒత్తిడి వస్తుంది, రాక మానదు. బీపీ గోలీ, పప్పు, చెవి మిషను దాని ముందు లెక్కలోకి రావు. డిమెన్షియా వచ్చాక అయ్యే ఖర్చు మీ బడ్జెట్‌లో కనిపించదు. అది కూతురో కోడలో ఉద్యోగం మానుకోవడంలో ఉంటుంది. కనిపించని ఖర్చును ఖర్చు కాదనుకుంటేనే నివారణ ఖరీదుగా తోస్తుంది.

నడక, గాలి విషయాలు క్లుప్తంగా. ఫిన్లాండ్‌లో 1,260 మందితో, అమెరికాలో 2,111 మందితో (దీని ఫలితం 2025లో వచ్చింది) జరిగిన ప్రయోగాల్లో తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ అదుపు అన్నీ కలిపి చేసినప్పుడు మతి పరీక్షల్లో కొంత మెరుగుదల వచ్చింది. కొంతే, కానీ వచ్చింది. నడవమని చెప్పేముందు నడవడానికి చోటుండాలి. కంటోన్మెంటు రోడ్ల మూసివేతల వివాదం ఏళ్లుగా నలుగుతోంది, తెరిచి ఉన్న రోడ్ల మీద అంచున నడిచే ముసలివాళ్లు లారీలకు దారి ఇస్తూ పోవాలి. గాలి సంగతి జవహర్‌నగర్ డంప్ యార్డు పక్కన ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవి మీ శాఖ ఒక్కటే తీర్చగలిగేవి కావు.

జ్ఞాపకశక్తి పరీక్షల మెగా క్యాంపు పెట్టమని అడగడం లేదు. మందు చేతిలో లేకుండా భయం ఒక్కటే పంచే పని అది. కేరళ 2014లోనే స్మృతిపథం పేరుతో డిమెన్షియాకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది, కర్ణాటక నిమ్‌హాన్స్‌తో కలిసి మెదడు ఆరోగ్య కార్యక్రమం నడుపుతోంది. జబ్బు వచ్చినవాళ్లకు అలాంటివి మనకూ కావాలి. రానివాళ్ల కోసం మాత్రం యాప్రాల్, అల్వాల్, కాప్రా పరిధిలోని బస్తీ దవాఖానాలను ఒక ఏడాది నమూనాగా తీసుకోండి. ప్రతి దవాఖానాలో ఐదు నిమిషాలు కూర్చునేందుకు వీపు ఆనే కుర్చీలు వేయించండి. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు నెల గోలీలకు బదులు మూడు నెలలవి ఒకేసారి ఇవ్వమని ఉత్తర్వు ఇవ్వండి, రాని వాళ్లకు పదో రోజున ఆశా ఫోన్ చేయాలి. అరవై దాటినవాళ్లకు అక్కడే చెవి పరీక్ష, నెలకు రెండుసార్లు చెవి మిషను సర్దే మనిషి ఉండాలి. మాజీ సైనికుల క్లినిక్కుల్లో ఉన్న రికార్డులతో ఈ అంకెలను పోల్చి చూసుకునే ఏర్పాటు ఉంటే, ఒకే గాలి పీల్చే రెండు వృద్ధాప్యాల మధ్య తేడా ఎక్కడ మొదలవుతోందో కూడా తెలుస్తుంది.

ఈ లేఖకు జవాబుగా ప్రస్తుతానికి ఒక్క అంకె ప్రకటిస్తే చాలు. ఈ మూడు ప్రాంతాల రిజిస్టర్లలో బీపీ ఉందని రాసి ఉన్న ప్రతి వంద మందిలో, గడిచిన మూడు నెలల్లో 140/90 కన్నా దిగువన నమోదైనవాళ్లు ఎంతమంది? ఇప్పటిదాకా ఎంతమందికి పరీక్ష చేశామన్నదే పత్రికల్లో వస్తోంది. ఈ అంకెను దవాఖానా గోడ మీద మూడు నెలలకోసారి రాయించండి, అది తక్కువగా ఉన్నా సరే.

ఇట్లు
యాప్రాల్ నివాసి